డిగ్రీ కాఫీలో డిగ్రీ ఎంత?

చెన్నైలో తాంబరం దాటి జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డెక్కితే చాలు, రెండు పక్కలా ‘కుంభకోణం డిగ్రీ కాఫీ’ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. కుంభకోణం ఇక్కడ తమిళనాడులోని ఊరి పేరు. మహాబలిపురం వైపు పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదా అంతే. ఊళ్లో మైలాపూరు, పశ్చిమ మాంబళం సందుల్లో ఆ మాట బోర్డు మీద లేకపోయినా మాటల్లో వినిపిస్తుంది. చెన్నైకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు ఇక్కడే ఒక సందేహం వస్తుంది. మనకు డిగ్రీ అంటే బీఏ, బీకాం. లేదంటే రోహిణీ కార్తెలో బెజవాడ ఎండ. కాఫీకి డిగ్రీ ఏమిటి? ఈ సమీక్ష ఆ మాట గురించీ, ఆ మాట మీద అమ్ముడవుతున్న కాఫీ గురించీ. ముందే తేల్చి చెప్పాలంటే, మాట చాలా మంచిది, అది ఒక కొలత పేరు. బోర్డు ఉన్న ప్రతిచోటా ఆ కొలత లేదు. ఉన్నచోట మాత్రం ఆ కాఫీ కోసం దారి మళ్లి వెళ్లొచ్చు.

డిగ్రీ అన్న ఇంగ్లీషు మాట ఫ్రెంచి మీదుగా వచ్చింది, దాని వేరు లాటిన్‌లోని ‘గ్రాడుస్’. గ్రాడుస్ అంటే మెట్టు. ఈ ఒక్క అర్థం గుర్తుంచుకుంటే మిగతా అర్థాలన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఉష్ణమాపకం మీద ఒక్కో గీత ఒక్కో మెట్టు. నీళ్లు గడ్డకట్టే చోటినుంచి మరిగే చోటిదాకా ఉన్న దూరాన్ని సెల్సియస్ పద్ధతిలో 100 మెట్లు చేశారు, ఫారన్‌హీట్ పద్ధతిలో 32 నుంచి 212 దాకా 180 మెట్లు చేశారు. వృత్తంలో 360 మెట్లు. మన పంచాంగం వీటినే ‘భాగలు’ అంటుంది, రాశికి 30 చొప్పున. చదువులో ఎక్కిన మెట్టు కూడా డిగ్రీయే. తెలుగులో ఈ అర్థం ఇంకాస్త ఇరుకైంది. ‘వాడు డిగ్రీ చదివాడు’ అంటే ఇంజనీరింగూ మెడిసినూ కాదని అర్థం, అవి కూడా డిగ్రీలే అయినా. ఇంగ్లీషు వ్యాకరణంలో పోలికకు మూడు మెట్లు. బీజగణితంలో బహుపదికి ఉండే డిగ్రీని మన పాఠ్యపుస్తకాలు ‘పరిమాణం’ అంటాయి. కాలిన గాయాల్లో మొదటి డిగ్రీ అంటే పైతోలు ఎర్రబడడం, రెండోది బొబ్బలెక్కడం, మూడోది తోలు మొత్తం లోతుగా కాలిపోవడం. ఇక్కడ అంకె పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. పోలీసుల ‘థర్డ్ డిగ్రీ’లోనూ అంతే. ఇంగ్లీషులో ‘టు ఎ డిగ్రీ’ అంటే కొంతమేరకు, ‘బై డిగ్రీస్’ అంటే క్రమక్రమంగా. రెండింటిలోనూ ఉన్నది మెట్టే.

కోర్టు ఇచ్చే ‘డిక్రీ’ మాత్రం వేరే మాట. దాని పుట్టుక వేరు, అర్థం తీర్పు. వకీలు గుమస్తాలు సైతం కాగితాల మీద ఒకదానికొకటి రాసేస్తుంటారు. ‘కోర్టు డిగ్రీ వచ్చింది’ అని ఎవరైనా రాస్తే తప్పు.

ఇక కాఫీ సంగతి. ఈ పేరుకు మూడు వివరణలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి, పాలలో నీళ్లు కలిశాయో లేదో చూసే లాక్టోమీటరు మీద సరైన డిగ్రీ చూపిన పాలను ‘డిగ్రీ పాలు’ అనేవారు, వాటితో చేసినది డిగ్రీ కాఫీ. రెండు, కాఫీ పొడిలో కలిపే చికోరీ అన్న మాట నోళ్లలో నలిగి డిగ్రీ అయింది. మూడు, ఫిల్టరులో మొదట దిగిన డికాక్షన్ ఫస్ట్ డిగ్రీ, దానితో చేసినది కాబట్టి ఆ పేరు. వీటిలో చికోరీ కథ నిలబడేది కాదు. చికోరీని తమిళులు ‘సిక్కరి’ అని పలుకుతారు, ‘డిగిరి’ అని కాదు. తమిళంలో మాట మొదట వచ్చే చకారం సకారమవుతుందే తప్ప డకారం కాదు. పైగా తమిళ లిపిలో చికోరీకి జంట కకారం రాస్తారు, అది గట్టిగా ‘క్క’ అనే పలుకుతుంది. డిగ్రీకి ఒంటి కకారం, అది రెండు అచ్చుల మధ్య ‘గ’ అవుతుంది. ఈ రెండూ ఒకదాంట్లోకి ఒకటి జారడం ఆ భాష నడకకు కుదరదు. మూడో వివరణ మొదటి డికాక్షన్ గొప్పదనం చెప్పడానికి పనికొస్తుంది గానీ, పేరు పుట్టుకకు కాదు. పాల వివరణే మాట అసలు అర్థానికి దగ్గరగా ఉంది. కాడ మీద గీతలు, ఒక్కో గీత ఒక మెట్టు.

ఆ కొలత ఎలా తీస్తారో తెలిస్తే మాట విలువ తెలుస్తుంది. లాక్టోమీటరు గాజుది. కింద బరువున్న గుండు, పైన సన్నని కాడ, కాడ మీద అంకెలు. పాలను నురగ లేకుండా పొడవాటి గాజు జాడీలో పోసి, దాన్ని మెల్లగా వదలాలి. గోడకు తగలకుండా నిలిచాక పాలమట్టం దగ్గర అంకె చూడాలి. అంకె 30 అంటే ఆ పాల సాపేక్ష సాంద్రత, అంటే నీటితో పోలిస్తే బరువు, 1.030. మంచి పాలు 28కీ 32కీ మధ్య నిలుస్తాయి. నీళ్లు పోస్తే అంకె పడిపోతుంది. 30 చూపే పాలు 900 మిల్లీలీటర్లకు 100 నీళ్లు కలిపితే 27 చూపిస్తాయి. అంటే పదో వంతు నీటికి మూడు మెట్లు దిగుతుంది.

ఇందులో ఎక్కువమంది పొరబడేది వేడి దగ్గర. క్వెవెన్ రకం లాక్టోమీటరును 60 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గీతలు పెట్టి తయారుచేశారు. చెన్నైలో పొద్దున్న పాలు 80 దగ్గర ఉంటాయి. వేడి పాలు పలచబడతాయి, గుండు ఇంకాస్త మునుగుతుంది, అంకె తక్కువ చూపుతుంది. 60 దాటిన ప్రతి డిగ్రీకి 0.1 కలుపుకోవాలి. 80 డిగ్రీల పాలు 28 చూపితే 20 సార్లు 0.1, అంటే 2 కలిపి 30 అని రాసుకోవాలి. ఇది చేయకుండా ‘28 వచ్చింది, నీళ్లు పోశావు’ అని పాలవాడి మీద పడితే అన్యాయమే. అప్పుడే పితికిన పాలకూ అంకె తక్కువే వస్తుంది, వాటిని కొన్ని గంటలు ఆగనిచ్చి చూడాలి. ఒక లోకంలో ఫారన్‌హీట్ డిగ్రీ, ఇంకో లోకంలో లాక్టోమీటరు డిగ్రీ. ఒకే మాట రెండు కొలబద్దల మీద రెండు వేరు పనులు చేస్తోంది, ఒకదాన్ని సరిదిద్దడానికి ఇంకొకటి కావాలి. ఈ మాట ఎన్ని అర్థాల్లో నడుస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అయితే డిగ్రీ ఒక్కటే పాలకు సాక్ష్యం కాదు. వెన్న నీటికంటే తేలిక. మీగడ తీసేస్తే పాలు బరువెక్కి అంకె 35 దాకా పోతుంది. అప్పుడు తగినంత నీళ్లు పోస్తే మళ్లీ 30కి దిగుతుంది, లాక్టోమీటరు ఆ పాలను పాస్ చేస్తుంది. అందుకే పాలకేంద్రాల్లో వెన్న శాతం కూడా విడిగా చూస్తారు. ఇవాళ చెన్నైలో చాలా ఇళ్లలోకి వచ్చేది ప్యాకెట్ పాలు. వాటిలో వెన్న, వెన్న కాని ఘనపదార్థం ముందే సరిచేసి ఉంటాయి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఘనం 8.5. స్టాండర్డైజ్డ్‌లో 4.5, 8.5. ఫుల్ క్రీమ్‌లో 6, 9. తమిళనాడు పాల సహకార సంస్థ ఆవిన్ ప్యాకెట్లలో ఇవి వరసగా నీలం, ఆకుపచ్చ, నారింజ. కాఫీకి ఆకుపచ్చదే సరి. నీలం పాలతో కాఫీ పలచగా, నీరసంగా వస్తుంది. నారింజ పాలలో వెన్న ఎక్కువై డికాక్షన్ రుచి అడుగున పడిపోతుంది, చల్లారుతున్నప్పుడు నాలుక మీద జిడ్డు తేలుతుంది. చిక్కదనం ఎక్కువైతే మంచిదన్న నమ్మకం పాయసానికి చెల్లుతుంది, కాఫీకి కాదు.

ఇప్పుడు దారి పక్క బోర్డుల సంగతికి వద్దాం. బయట కనిపించేదంతా ఇత్తడి. మెరిసే బాయిలరు, మెరిసే డబరా (వెడల్పు గిన్నె), టంబ్లరు (గ్లాసు). చూడగానే నమ్మకం కలుగుతుంది, అందుకే పెడతారు. చూడాల్సింది లోపల. ఇత్తడి గిన్నెకు లోపల తగరం కళాయి ఉండాలి, తెల్లగా వెండి రంగులో కనిపించాలి. లోపల కూడా పసుపుపచ్చగా ఉంటే కళాయి అరిగిపోయిందని లెక్క. కాఫీలో కొద్దిగా పులుపు ఉంటుంది, పాలు పుల్లబడే గుణమున్నవి. కళాయి లేని ఇత్తడిలో అవి నిలిస్తే చిలుము పట్టి, రాగి రుచి దిగుతుంది. అలాంటి చోట స్టీలు గ్లాసులో ఇవ్వమని అడగడమే మేలు. రుచికి ఇత్తడి వల్ల కలిసొచ్చేది ఏమీ లేదు. అది వేడిని త్వరగా బయటికి పంపుతుంది కాబట్టి వేళ్లు కాలతాయి, అంచు బయటికి తిప్పి ఉండేది పట్టుకోవడానికే.

రెండోది పాలు. కౌంటరు మీద పెద్ద గుండిగలో పాలు పొద్దుటినుంచి సన్న మంట మీద మరుగుతూ ఉంటే వాటి రంగు మారి, కోవా వాసన వస్తుంది. కొందరు దాన్నే ‘చిక్కటి డిగ్రీ పాలు’ అని మెచ్చుకుంటారు. అది చిక్కదనం కాదు, నీరు ఇగిరిపోయి పాలు మాడుతున్న తీపి. డికాక్షన్‌లోని సన్నని చేదును అది మింగేస్తుంది. మంచి చోట పాలను రెండు మూడు లీటర్ల చొప్పున కాచి, అయిపోగానే మళ్లీ కాస్తారు. గుండిగ సైజు చూస్తే చాలా సంగతి తెలిసిపోతుంది. మూడోది డికాక్షన్. ఒకే పొడి మీద రెండోసారి నీళ్లు పోసి, ఆ పలచటిదాన్ని మొదటిదాంట్లో కలిపేయడం రద్దీ వేళల్లో మామూలు. అలా కలిపిన కాఫీ రంగు ఉంటుంది, వాసన ఉండదు. గ్లాసు ముక్కు దగ్గరకు తేగానే వాసన కొట్టకపోతే, దాని మీద ఏ బోర్డున్నా డిగ్రీ లేనట్టే. హైవే బోర్డుల్లో ఈ మూడూ సరిగా ఉన్నవి తక్కువ. ఊళ్లో పాత కాఫీ హోటళ్లలో, బోర్డు మీద ఆ మాట లేని చోట్ల, తరచుగా ఉంటాయి. హైవే కాఫీకి ఐదుకు మూడు ఇస్తే పాత హోటళ్లకు నాలుగున్నర ఇవ్వాలి.

ఇంట్లో చేసుకునే డిగ్రీ కాఫీకి ఐదుకు ఐదు. కానీ పొడి కొనడం తెలియాలి. చెన్నైలో వీధికో కాఫీ పొడి కొట్టు ఉంది, గింజలు వేయించి కళ్ల ముందే మర ఆడించి ఇస్తారు. కౌంటరు దగ్గర చెప్పాల్సిన వరస ఇది: గింజ రకం, చికోరీ ఎంత, మర ఎలా, బరువెంత. ప్లాంటేషన్ ఏ అంటే కడిగి ఎండబెట్టిన అరబికా జాతి కాఫీ, పెద్ద గింజ, వాసన దానిది. పీబెర్రీ అంటే కాయలో రెండు పలుకులకు బదులు ఒకటే గుండ్రంగా పెరిగిన గింజ, అది సమంగా వేగుతుంది. రెండూ సగం సగం తీసుకుంటే తెలుగిళ్ల నాలుకకు సరిగ్గా సరిపోతుంది. రోబస్టా అన్న ఇంకో జాతి గింజ కొంచెం కలిస్తే చిక్కదనం, చేదు పెరుగుతాయి. మన అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, చిక్కమగళూరు, కూర్గు అరబికాలతో పాటే. దాని వాసన తేలిక, పాలు తక్కువ పోసుకునేవాళ్లకు అది నచ్చుతుంది. పాలు దండిగా పోసే డిగ్రీ కాఫీలో అది ఒక్కటే నిలబడదు.

చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేయించి పొడి చేసినది. అందులో కెఫీన్ లేదు. డికాక్షన్‌కు రంగు, జిగురు, చిన్న తీపిచేదు ఇస్తుంది. చట్టం ప్రకారం కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, చికోరీ ఎంతో ప్యాకెట్ మీద వేయాలి. 80కి 20 పాళ్లు పాల కాఫీకి బాగుంటాయి. 60కి 40 దాటితే కాల్చిన బెల్లం రుచి వస్తుంది, డికాక్షన్ తారులా దిగుతుంది. ఇక్కడ లెక్కలో ఒక మోసం కాని మోసం ఉంది. పావు కిలో అడిగితే కొందరు 200 గ్రాముల కాఫీ, 50 గ్రాముల చికోరీ వేస్తారు. అది 20 శాతం. ఇంకొందరు 250 కాఫీకి పైన 50 చికోరీ వేసి 300 చేస్తారు. అది 17 శాతం లోపే. రెండింటినీ ‘ఇరవై’ అనే పిలుస్తారు. గ్రాముల్లో చెప్పడం అలవాటు చేసుకుంటే రుచి వారం వారం మారదు. తెచ్చిన పొడిని పరీక్షించాలంటే గ్లాసు చన్నీళ్ల మీద చిటికెడు చల్లాలి. కాఫీ కాసేపు తేలుతుంది. చికోరీ వెంటనే మునుగుతూ గోధుమరంగు గీతలు విడుస్తుంది.

వేడి వేడిగా మర దిగిన పొడిని వెంటనే బిగించి కట్టకూడదు. కాసేపు ఆరనిచ్చి, గాలి చొరని డబ్బాలో పోసి, పది పదిహేను రోజుల్లో అయ్యేంత మాత్రమే ఉంచుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే తీసిపెట్టే ప్రతిసారీ తడి చేరుతుంది.

ఫిల్టరులో ముక్కలు నాలుగు. అడుగున చిల్లులున్న పై గిన్నె, డికాక్షన్ పట్టే కింది గిన్నె, కాడ ఉన్న నొక్కుడు బిళ్ళ, మూత. రెండు టంబ్లర్లకు 20 గ్రాముల పొడి, అంటే గుట్టగా మూడు పెద్ద చెంచాలు. పొడిని సమంగా పరిచి, బిళ్ళతో ఒత్తీ ఒత్తనట్టు ఒత్తాలి. బిళ్ళను లోపలే ఉంచి, దాని మీదుగా 120 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోయాలి. మొదట పొడి తడిసేంత పోసి అర నిమిషం ఆగి, మిగతాది చుట్టూ తిప్పుతూ పోయాలి. పొడి తన బరువుకు రెండింతల నీటిని పట్టుకుంటుంది కాబట్టి కింద దిగేది 80 మిల్లీలీటర్లే. ఇది పావుగంట, ఇరవై నిమిషాలు పట్టాలి. ఐదు నిమిషాల్లో దిగిపోతే మర గరుకుగా ఉంది, లేదా ఒత్తడం చాలలేదు. అరగంటైనా చుక్క పడకపోతే ఒత్తడం ఎక్కువైంది, పొడి మరీ మెత్తనైంది, లేదా చిల్లులు పూడుకున్నాయి. ముందు మూత తీసి, పై గిన్నెను కొంచెం పైకెత్తి దించితే చిక్కుకున్న గాలి పోయి కదులుతుంది. స్టీలు ఫిల్టరైతే వారానికోసారి పై గిన్నె అడుగును గ్యాసు మంట మీద కాసేపు పట్టి, చల్లారాక తోమితే పూడిన పొడి కాలి రాలిపోతుంది. కళాయి వేసిన ఇత్తడి ఫిల్టరుకు ఇది చేయరాదు, తగరం కరిగిపోతుంది.

నీళ్లు తెర్లుతున్నప్పుడే పోస్తే చేదు ఎక్కువ దిగుతుంది. మంట కట్టేసి అర నిమిషం ఆగితే 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు వస్తాయి. బెంగళూరులో ఈ ఆగడం అక్కర్లేదు. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు దాటి ఉంది, అక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. చెన్నైనుంచి బెంగళూరుకు ఇల్లు మారిన వాళ్లు ‘అదే పొడి, అదే ఫిల్టరు, రుచి తేలికైంది’ అనడానికి ఇదొక కారణం.

పాలు ఒక్క పొంగు రాగానే దించాలి. టంబ్లరులో ముందు చక్కెర, దాని మీద 40 మిల్లీలీటర్ల డికాక్షన్, ఆ పైన 110 మిల్లీలీటర్ల పాలు. తర్వాత డబరాలోకి తిరగబోయాలి. నాలుగు సార్లు చాలు. చక్కెర కరుగుతుంది, నురగ లేస్తుంది, వేడి తాగే స్థితికి దిగుతుంది. పది సార్లు జానెడెత్తునుంచి పోస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ కాఫీ చల్లారిపోతుంది. డికాక్షన్‌ను మాత్రం మళ్లీ మంట మీద పెట్టవద్దు, వాసన అంతా గాల్లో కలిసిపోయి మాడిన చేదు మిగులుతుంది. చల్లారిన డికాక్షన్‌లో పొంగే పాలు పోయడమే దారి.

హోటల్లో అడిగేటప్పుడు రెండు మాటలు పనికొస్తాయి. డికాక్షన్ ఎక్కువ కావాలంటే ‘డికాక్షన్ తూక్కలా’ అనాలి. తీపి తగ్గించాలంటే ‘సక్కరై కమ్మి’. ముందే చక్కెర కలిపిన పాలు వాడే చోట రెండో మాటకు ‘కుదరదు’ అంటారు. అలాంటి చోట డిగ్రీ కాఫీ కంటే టీ తాగడం మంచిది.